కిరణం వెనక్కి మళ్ళేలోపు

డులూత్ రేవు. ధాన్యపు గిడ్డంగి నాలుగో అంతస్తు.
ఎనభై అయిదు, అక్టోబరు ఆఖరు.
కింద ఓడ కడుపులోకి గోధుమలు జారుతున్న హోరు.
తూకం గుమాస్తా ఆర్విడ్ కంగస్
నా ప్రోగ్రాంకేసి చూసి పెదవి విరిచాడు:
"నీ అంకె తెరమీద పడేసరికి
ఇక్కడ తొట్టి ఖాళీ అయిపోతోందమ్మా."

ఆయన తప్పేం లేదు.
ఒక్కో అక్షరానికీ ఒక్కో అర్జీ పెట్టుకుంటున్నాను.
లోపలి అధికారి దాన్ని అందుకుని
కర్సర్ ఎక్కడుందో కనుక్కుని, రంగేమిటో కనుక్కుని,
వెనక్కి తిప్పి చూసి
అప్పుడు అతికిస్తాడు.
వరుసలు ఒకదాని కింద ఒకటి
తడిగోడ మీద సున్నంలా దిగేవి.

ఆ రాత్రి దొడ్డిదారి వెతికాను.
మాన్యువల్ చివర, ఎవరిదో కాఫీ మరక కింద
ఒక చిరునామా: బి-ఎనిమిది-సున్నా-సున్నా.
అక్కడ నాలుగు వేల బైట్లు.
తెరకి నకలు కావవి, పద్దు కావు,
అవే తెర.
సరి గడిలో అక్షరం,
పక్కన బేసి గడిలో దాని రంగు,
విప్పి దండెం మీద వేసిన చొక్కాలా విడిగా.
వరుసని నూట అరవైతో హెచ్చించు,
నిలువుని రెట్టించి కలుపు.
పన్నెండో వరుస, నలభయ్యో నిలువు: రెండు వేలు.
అక్కడ అరవై అయిదు పెట్టాను.

పెట్టానో లేదో
నల్లటి తెర నడిమధ్య ఒక 'ఏ'.
నడిచి రాలేదు.
ఎప్పట్నించో అక్కడే ఉండి
నేనే ఇప్పుడు చూసినట్టు.
ఎవరూ లేని ఆఫీసులో పైకే నవ్వాను.

తెల్లారి ఆర్విడ్‌ని పిలిచాను.
అంకెలు తళుక్కున మారాయి. వాటితోపాటే
తెరంతా తెల్లటి చుక్కలు, ముక్కలు,
రాలి, మాయమై, మళ్ళీ రాలి.
ఆయన కిటికీలోంచి సరస్సుకేసి చూశాడు,
తెరకేసి చూశాడు.
"బయట ఇంకా మొదలవలేదు.
నీ దగ్గర ముందే పడుతోందే మంచు."

మూడు రోజులు పట్టింది.
ఆ నాలుగు వేల గడులకీ తలుపు ఒక్కటే.
నేను రాయడానికి చెయ్యి పెట్టిన క్షణానే
చదువుకోడానికి కార్డూ వస్తుంది.
నాకు దారి ఇచ్చేసి,
ఖాళీ చేతులతో పోలేక,
అందిన చెత్తే గాజుమీద చల్లి పోతుంది.

మందు చీకట్లో ఉంది.
కిరణం ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి
కొసకి చేరి, ఆరి,
మళ్ళీ ఎడమ అంచుకి పరిగెడుతుంది.
ఆ ఆరినంతసేపు ఎవరూ చదవరు.
సెకనులో లక్షో వంతు, పైన కాస్త కొసరు.
ఒక అక్షరం, దాని చొక్కా: అంతే పడుతుంది.
వెళ్ళేసరికే చీకటిగా ఉంటే నమ్మకూడదు,
ఎంత మిగిలిందో తెలీదు కదా.
వెలుగు రానిచ్చి, పోనిచ్చి,
చీకటి మొదలైన అంచు మీద అడుగు వెయ్యాలి.

ఇదంతా చెబితే ఆర్విడ్ తల కూడా ఎత్తలేదు.
"ముల్లు ఊగుతున్నప్పుడు చదివేవాడు పిల్లకాయ," అన్నాడు.
ముప్ఫై ఏళ్ళుగా ముల్లు చూస్తున్న మనిషి.
నేను మూడు రోజుల్లో కనిపెట్టింది
ఆయన జేబులో పొగాకు పక్కనే ఉంది.

మంచు ఆగింది.

నవంబరులో అదే డిస్కు
వంతెన అవతలి గిడ్డంగికి పంపాను.
డెల్ఫీన్ రుస్నాక్ ఫోను: "నీ ప్రోగ్రాం చచ్చిపోయింది."
వెళ్ళి చూస్తే వాళ్ళది ఆకుపచ్చ తెర,
దాని ఇల్లు బి-సున్నా-సున్నా-సున్నాలో.
చావలేదు పాపం.
పొద్దుట్నించీ పదకొండు తొట్లు పొల్లుపోకుండా తూచి,
ప్రతి అంకెనీ కిరణం ఆరేదాకా ఓపిగ్గా కాచుకుని
ఎవరూ కాపురం లేని చిరునామాలో రాసింది.
తప్పని ఎవరూ చెప్పరు.
తిరుగు టపా ఉండదు అక్కడ.

ఒక్క ప్రశ్న చేర్చాను, అన్నిటికంటే ముందు:
ఇక్కడ ఉండేది ఎవరు?

తిరిగొస్తుంటే వంతెన మీద
నిజం మంచు మొదలైంది.
అద్దం నిండా తెలుపు.
వైపర్ ఒకసారి తుడిచి
వెనక్కి మళ్ళేలోపు కనబడినంత రోడ్డు మీద
కనబడినంతే నడిపాను.